పిల్లిని తోలే ఉద్యోగం

డ్రైవర్లు లేని టాక్సీల షెడ్డులో అందరూ ఆయన్ని డ్రైవర్ బాబాయి అనే పిలిచేవారు. కొంత అలవాటు, కొంత ఎగతాళి. ఒకప్పుడు టాక్సీ నడిపి ఇల్లు నడిపిన మాట నిజమే. ఇప్పుడాయన పని పిల్లిని తోలడం.

నవ్వకండి, కూటి కోసం కోటి విద్యలు. ఆ షెడ్డులో ఛార్జింగుకి వైర్లుండవు. నేలలో వెడల్పాటి పలకలు బిగించారు. టాక్సీ తనంతట తానే వచ్చి పలక మీద నిలబడితే చాలు, కింద నుంచి కరెంటు ఎక్కుతుంది. ఒక్కటే చిక్కు. బండికీ పలకకీ మధ్య ప్రాణమున్నదేదైనా దూరితే, దానికి హాని జరక్కుండా ఛార్జింగు ఆగిపోతుంది. అక్కడ వెచ్చగా ఉంటుందని ఎవరు చెప్పారో గానీ, ఒక బూడిదరంగు పిల్లి అక్కడే కాపురం పెట్టింది. సూపర్‌వైజరు తల పట్టుకుని, "ఈ పిల్లి బెడద తీరేవరకూ ఉండు బాబాయ్" అని ఈయన్ని పెట్టుకున్నాడు.

తీరేవరకూ! ఆ మాట బాబాయికి ముల్లులా గుచ్చుకుంది. ఈ వయసులో ఇంకెవరు పిలిచి పనిస్తారు? మొదట్లో చీపురు పట్టుకుని నిజాయితీగానే తరిమాడు. పిల్లి బెదిరి రావడం మానేసింది. ఆయనకు అన్నం సయించలేదు. మర్నాడు ఇంట్లోంచి సీసాలో పాలు తెచ్చి, గోడ వెనక గిన్నెలో పోశాడు. పిల్లి వచ్చింది. ఉద్యోగం నిలిచింది.

"పాలు ఎటు పోతున్నాయండీ?" అని భార్య అడిగింది.

"విరిగితే పారబోశా."

"రోజూనా? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ, తననెవరూ చూడట్లేదనుకుంటుందట."

ఆవిడ ఏదో మాటవరసకి అన్నదే. బాబాయి మాత్రం సగం అన్నంలోనే లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

ఒక వాన పొద్దున ఎదురు సందులో ఉండే పెద్దావిడ గొడుగేసుకుని షెడ్డు గేటు దగ్గరికి వచ్చింది. డయాలసిస్‌కి వెళ్లాలి. వాన వల్ల బండ్లన్నీ బయటే తిరుగుతున్నాయి, లోపల ఒక్కటే ఉంది.

"ఏమయ్యా, ఛార్జింగు చాల్లేదు, ఆగమని ఫోన్లో చెబుతోంది నేను పిలిచిన బండి. ఆలస్యమైతే ఆసుపత్రిలో నా మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. డ్రైవరుంటే బాబూ, నాయనా అని బతిమాలుకునేదాన్ని. దీన్నెలా బతిమాలను?"

బాబాయి లోపలికి చూశాడు. బండి కింద పిల్లి, తను పోసిన పాలు తాగి, హాయిగా ముడుచుకుని పడుకుంది. స్టీరింగు పట్టినన్నాళ్లూ రోగిని రోడ్డు మీద నిలబెట్టలేదని గొప్పగా చెప్పుకునే మనిషాయన. పరుగెత్తి, తడినేల మీద బోర్లా పడుకుని పిల్లిని బయటకు లాగాడు. చెయ్యంతా గీరేసింది. ఛార్జింగు మొదలైంది. బండి కదిలేవరకూ ఆవిడ మొహం చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

సాయంత్రం పిల్లిని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, దాచకుండా అంతా భార్యకు చెప్పాడు.

"దీన్నెందుకు తెచ్చారు?"

"అక్కడుంటే నా బుద్ధి నిలవదే."

"మరి ఉద్యోగం?"

"పిల్లి ఇక రాదని సూపర్‌వైజరుకి చెప్పేశా. నెలాఖరుదాకా ఉండమన్నాడు."

ఆవిడ పాలగిన్నె దించింది. "రండి, పని పోయినవాళ్లిద్దరూ. ఉన్నవాటితోనే సర్దుకోవాలి మరి."

షెడ్డులో పిల్లి లేదు, తోలే పనీ లేదు. బాబాయి ఊరికే ఊడుస్తూ రోజూ గేటు వైపు చూసేవాడు. ఆ రోజు ఆవిడకు మంచం దొరికిందా? మళ్లీ ఇటు రాలేదే, బండి ఇంటి ముందుకే వెళ్తోందా, లేక ఏమైనా అయిందా? ఎవర్ని అడగాలో తెలియలేదు, అడగడానికి ధైర్యమూ లేదు. కళ్లు మూసుకుంటే ఆ గొడుగే కనిపించేది.

ఆఖరి రోజు పొద్దున్నే ఆవిడ నడుచుకుంటూ వచ్చింది. కాస్త చిక్కింది, అంతే. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ గేటు చేరేసరికే బండి నిండా ఛార్జింగుతో ఎదురొచ్చి ఆగింది. ఆవిడ బానెట్ మీద చెయ్యేసి నిమిరింది.

"నా తల్లే! ఇవాళ టైముకొచ్చావు."

బండి ఏం పలుకుతుంది? బాబాయి చీపురు గోడకు ఆనించి వచ్చి, తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కండమ్మా. తల జాగ్రత్త."