అద్దాల తొట్టెలో ముంపు

2007 వానాకాలం. రాజమండ్రిలో నా అక్వేరియం షాపు అప్పటికి కాస్త నిలదొక్కుకుంది. అంతకుముందు కొన్నేళ్లు ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. షాపుకు వచ్చేవారు ఎక్కువగా గోల్డ్ ఫిష్, రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు అడిగేవారు. నిజం మొక్కలు పెంచే ప్లాంటెడ్ ట్యాంకు కావాలనేవారు తక్కువ. అందులో కార్పెట్ అన్నిటికన్నా కష్టం. కార్పెట్ అంటే తొట్టె అడుగంతా పొట్టి మొక్కలు పచ్చికలా అల్లుకోవడం.

కడియం నుంచి శ్రీనివాస్ అనే నర్సరీ రైతు వచ్చి అదే కావాలన్నాడు. అతని తండ్రి వెంకటరత్నం గారికి ఆ వేసవిలో పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. ఒకటి రెండు మాటలు తప్ప నోటికి రావడం లేదు. టీవీ పెడితే మొహం తిప్పేసుకుంటున్నారు. మంచం ఎదురుగా పచ్చగా ఏదైనా పెట్టమని తల్లి పోరుతోందని చెప్పాడు.

తొట్టె బిగించడానికి వాళ్లింటికి వెళ్లాను. తల్లి సత్యవతి గారు గుమ్మంలోనే చెప్పారు. "చేపలు ఎలాంటివైనా పర్లేదండి. కింద గడ్డి మాత్రం ఒత్తుగా ఉండాలి. మేం అమ్మేదీ కార్పెట్టే కదండీ, లారీల్లో."

నిజమే. వాళ్ల నర్సరీలో ఒక పక్క కుండీ మొక్కలు, మిగతాదంతా లాన్ గడ్డి. మడుల్లో పెంచి, చాపల్లా కోసి, చుట్టచుట్టి ఊళ్లకు పంపుతారు.

తొట్టె అడుగున బంకమట్టి, దాని మీద ఇసుక పరిచాను. హెయిర్‌గ్రాస్ అనే వెంట్రుకల్లాంటి నీటిగడ్డిని చిన్న చిన్న కుదుళ్లుగా విడదీసి, పొడవాటి పట్టకారుతో నాటాను. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అందడానికి, పంచదార నీళ్లలో ఈస్ట్ కలిపిన సీసా ఒకటి పక్కన పెట్టి, సన్నగొట్టం లోపలికి వదిలాను. సత్యవతి గారు ఆ గొట్టం చూసి, "దీనికీ సెలైన్ పెట్టారేంటండి, ఆయనకి తోడుగా" అని నవ్వారు. నీళ్లు నింపి చేపలు వదిలాం.

మంచం మీంచి వెంకటరత్నం గారు "ముంపు" అన్నారు.

"అదిగోనండి, గోదారి భయం" అన్నాడు శ్రీనివాస్.

మా జిల్లాల్లో ఆ మాట వింటే ఎవరికైనా గోదావరే గుర్తొస్తుంది, మునిగిన చేలే గుర్తొస్తాయి. ఆ రోజుల్లో నది ఎర్రగా, నిండుగా పారుతోంది. నర్సరీ మునిగిపోయిందని పెద్దాయన బెంగపడుతున్నారని కొడుకు అనుకున్నాడు. నాకూ అలాగే తోచింది. "ఏం మునగలేదు నాన్నా, మడులన్నీ బాగున్నాయి" అని శ్రీనివాస్ గట్టిగా చెప్పాడు. ఆయన విసుగ్గా కళ్లు మూసుకున్నారు.

వారం తిరక్కుండా ఫోను వచ్చింది. గడ్డి సగం పైకి తేలిపోయింది. వేళ్లు ఇసుకను పట్టకముందే చేపలు పొడిచి లేపేశాయి. మిగిలింది గాజులా పాలిపోయి కరిగిపోతోంది. మేం దాన్ని మెల్టింగ్ అంటాం. లైటు పెంచి, కొత్త గడ్డి నాటాను. నీళ్లు పోస్తుంటే మంచం మీంచి మళ్లీ అదే మాట.

ఆ రోజే వంటింటి గుమ్మం దగ్గర తల్లీకొడుకుల మాటలు నా చెవిన పడ్డాయి. నర్సరీ మొత్తం కౌలుకు ఇచ్చేయడానికి శ్రీనివాస్ బేరం కుదుర్చుకుంటున్నాడు.

"మీ నాన్నని ఒక్క మాట అడగరా" అన్నారామె.

"ఏం అడుగుతాం అమ్మా? ఏం అడిగినా ముంపే."

రెండోసారి నాటిందీ చాలావరకు తేలిపోయింది. "ఇంక ప్లాస్టిక్ గడ్డి పరిచేయండి. ఆయనకి తేడా ఏం తెలుస్తుంది?" అన్నాడు శ్రీనివాస్. నాకూ వేరే దారి కనిపించలేదు. ప్లాస్టిక్ చాప పట్టుకుని వెళ్లాను.

చేపల్ని బకెట్లోకి మార్చి, గొట్టం వేసి నీళ్లు తోడుతున్నాను. మట్టం దిగి గడ్డి కొసలు బయటపడేసరికి మంచం చప్పుడైంది. చూస్తే పెద్దాయన ఎడమచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు పట్టుకుని ఉన్నారు. ఆపాను. ఆయన చూపు నా మీద లేదు, తొట్టె మీద ఉంది. అనుమానం వచ్చి చెంబుడు నీళ్లు తిరిగి పోశాను.

"ముంపు."

నీళ్లు తీసేశాను. ఆయన మాట్లాడలేదు.

"ఈ గడ్డి మునిగిపోయిందనా అండి ఇన్నాళ్లూ మీరు అంటోంది?" అని అడిగాను. ఆయన తల ఊపారు. ఎడమచేత్తో దుప్పటిని మెల్లగా తట్టి, వేళ్లతో చిలకరించినట్టు చూపించారు.

సత్యవతి గారు మంచం అంచున కూలబడ్డారు. "గడ్డి నాటాక మడిలో నీళ్లు నిలవనివ్వరండి ఈయన. తడి ఆరకుండా చిలకరిస్తారంతే. వేరు పట్టకముందు నిలిస్తే కుళ్లిపోద్ది." కొడుకు వైపు తిరిగారు. "మనమేమో ఆయనకి గోదారి గురించి చెబుతున్నాం."

శ్రీనివాస్ ప్లాస్టిక్ చాప తీసుకెళ్లి నా స్కూటర్ మీద పెట్టి వచ్చాడు.

మిగిలిన గడ్డిని బురదలోనే ఉంచి, చేపల్ని నేను షాపుకు తీసుకెళ్లాను. తొట్టె మూతికి పాలిథిన్ కాగితం కప్పి, రోజూ కాసిని నీళ్లు చిలకరించి, లైటు వేసే పని సత్యవతి గారు తీసుకున్నారు. ఈ పద్ధతిని డ్రై స్టార్ట్ అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. మొక్క ముందు తడిమట్టిలో వేళ్లూనుకుంటుంది, నీళ్లు ఆ తర్వాత నింపుతాం. హెయిర్‌గ్రాస్ మట్టిలో దారాల్లాంటి రన్నర్లు పాకించి, వాటి కణుపుల దగ్గర కొత్త పిలకలు వేస్తుంది. అటు వెళ్లినప్పుడల్లా "నీళ్లు పెట్టమంటారా అండి?" అని అడిగేవాణ్ణి. ఆయన తల అడ్డంగా ఊపేవారు. నా కంటికి నిండుగా అల్లుకుందనిపించాక కూడా వద్దన్నారు. శీతాకాలం మొదలయ్యాక ఒకరోజు సరేనన్నారు. ఇసుక చెదరకుండా లోపల పళ్లెం పెట్టి, దాని మీద సన్నధారగా నీళ్లు పోశాం. ఒక్క పరక లేవలేదు. చేపల్ని తెచ్చి వదిలాక అవి పొడిచినా కదల్లేదు.

ఆ సాయంత్రం శ్రీనివాస్ వచ్చి, తండ్రి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. "నర్సరీ కౌలుకి ఇచ్చేద్దామా నాన్నా?" అన్నాడు. పెద్దాయన వద్దన్నారు. శ్రీనివాస్ మొహం మాడింది. "నేనొక్కణ్ణీ ఎక్కడని చూసుకోను?" అని కాసేపు గొణిగి, ఈసారి విడివిడిగా అడిగాడు. లాన్ మడులు? వద్దు. కుండీల వైపు? ఆయన చాలాసేపు ఆలోచించి తల ఊపారు. కుండీల వైపు మాత్రమే కౌలుకు వెళ్లింది. లాన్ మడులు శ్రీనివాసే చూసుకున్నాడు. తర్వాత నేను వెళ్లినప్పుడు, కోసిన గడ్డి ముక్క ఒకటి పళ్లెంలో తెచ్చి, వేళ్లు తండ్రికి చూపిస్తున్నాడు.

అప్పటినుంచి తొట్టెలో ఏదో తేడా వచ్చిందని ఎవరింటికి పిలిచినా, నేను నీళ్లు పరీక్షించే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: రోజంతా దీని ఎదురుగా కూర్చునేది ఎవరండి? డబ్బిచ్చి కొన్నవారు సాధారణంగా ఆ మనిషి కాదు. ఎవరో చెప్పాక, వారి దగ్గరికి కుర్చీ జరుపుకుంటాను.