చచ్చినాయన కన్ను తెరిచిన కథ

నిజాం జమానాలో నారాయణఖేడ్ బజారులో పరమేశ్వరప్ప కందుల దుకాణం ఉండేది. దుకాణం వెనుక వాకిట్లో పదిపన్నెండు మంది ఆడవాళ్లు పొద్దంతా కందులు చెరిగి రాళ్లు ఏరేవారు. చేతులకు పని ఉన్నా నోళ్లు ఊరుకోవు, ఊరుకోని నోళ్లు కొట్లాటకు దిగుతాయి. అందుకని సావుకారి ఒక ఏర్పాటు చేశాడు. ఒకామె చాట పట్టకుండా గోనె సంచుల మీద కూర్చుని కథ చెప్పాలి, మిగిలినవాళ్లు పని చేస్తూ ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథ ఆగినట్టే.

ఆ సంచుల మీద కిష్టవ్వ ఏళ్ల తరబడి పాతుకుపోయింది. ఆమె కథలకు తలా తోకా ఉండేది కాదు. పొద్దున పులి నోట పడి చచ్చిన రాజు, మధ్యాహ్నం ఆడవాళ్లు రొట్టెలు తిని వచ్చేసరికి కూతురి పెళ్లిలో తాంబూలాలు పంచేవాడు. ఏడుగురు కొడుకుల్లో ఇద్దరిని ఆమె ఎక్కడో ఒకచోట పారేసుకునేది. యుద్ధం మంచి పట్టులో ఉండగా వంకాయ కూరలో నువ్వుల పొడి ఎంత వేయాలో చెప్పి, తీరిగ్గా మళ్లీ యుద్ధానికి వచ్చేది. ఎవరూ కిమ్మనేవారు కాదు. "అవ్వ చెప్పిందంటే దాంట్ల ఏదో మర్మముంటది" అని వాకిటి పెత్తనం చేసే పుష్పమ్మ తల ఊపేది. ఆ మర్మం ఏమిటో పుష్పమ్మకూ తెలియదు, అవ్వకూ తెలియదు.

బసవమ్మ కన్నడం ఎక్కువగా మాట్లాడే కంగ్టి నుంచి కోడలిగా వచ్చిన మనిషి. అత్తగారింట్లో ఆమె మాట పూర్తయ్యేదాకా విన్నవాళ్లు లేరు. మామ దగ్గేవాడు, అత్త అరిచేది, మొగుడు గురక పెట్టేవాడు. చెప్పాల్సినవన్నీ కడుపులోనే ఉండిపోయి కథలయ్యాయి. ఒకనాడు కిష్టవ్వ గొంతు పట్టేసి పనికి రాకపోతే, "నేను చెప్పనా అక్కా?" అని బసవమ్మ పుష్పమ్మను అడిగింది.

ఆమె కథలో ఒక పిసినారి మామ చచ్చిపోతాడు. బసవమ్మ వాళ్లు లింగాయతులు. వాళ్లలో శవాన్ని పడుకోబెట్టరు, పూలు కట్టిన పల్లకిలో కూర్చోబెట్టి భజనలతో తీసుకుపోతారు. కథలో ముసలాయన కూడా అట్లాగే ఊరంతా చూసుకుంటూ పోతున్నాడు. వీధి మలుపు దగ్గర ఒక కన్ను తెరిచి, చిన్న కోడలిని వేలితో దగ్గరికి పిలిచాడు.

పుష్పమ్మ చాట కింద కొట్టింది.

"ఆగే! సచ్చినోడు కన్ను తెరుసుడేంది?"

"అవ్వ రాజు గూడ లేచిండు గదా అక్కా?"

"అవ్వ ముచ్చట వేరు. కొత్తగ చెప్పేటోళ్లకు ఒక పద్ధతుంటది. సచ్చినోడు సచ్చినట్టే ఉండాలె. నడుమ తిండి ముచ్చట రావొద్దు. ముందుగాల ఎంతమందిని చెప్పినవో ఆఖరుకు అంతమందీ లెక్కకు రావాలె. నీ కన్నడం మాటలు అసలే వద్దు."

ఊ ఆగిపోయింది. బసవమ్మ మళ్లీ చాట పట్టింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు కిష్టవ్వ, నల్లపోచమ్మకు బోనం ఎత్తాలని బోరంచలో ఉన్న కూతురింటికి పోయింది. కథ లేని వాకిట్లో మొదటి పూటే రెండు కొట్లాటలయ్యాయి. మూడోనాడు బసవమ్మ నెమ్మదిగా గొంతు సవరించుకుంది.

"అక్కా, మొన్నటి కథ నాది కాదు. అవ్వ నా చెవిల చెప్పింది. గా మాట చెప్పుడు మరిచిన."

"గట్లనా! ముందుగాల చెప్పొద్దా!" అని పుష్పమ్మ జరిగి చోటిచ్చింది.

బసవమ్మ సంచుల మీద కూర్చుంది. అదే ముసలాయన చచ్చాడు, అదే పల్లకి లేచింది. ఈసారి కసికొద్దీ దారిలో ఉల్లికారం నూరడం కూడా చెప్పింది, కన్నడంలో శోకాలు కూడా పెట్టించింది. ముగ్గురు కొడుకుల్లో ఒకణ్ని కావాలనే తప్పిపోనిచ్చింది. వాకిలంతా ఊ కొట్టింది. ముసలాయన కన్ను తెరిచేసరికి పుష్పమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి.

"కన్ను తెరుసుడంటే ఉత్త ముచ్చటనా? మనిషి సచ్చినా ఆశ సావదని అవ్వ చెప్తున్నది!"

ముసలాయన కోడలి చెవి దగ్గర నోరు పెట్టాడు. సరిగ్గా అప్పుడే, బోరంచ నుంచి వచ్చిన కిష్టవ్వ గుమ్మంలో నిలబడి గయ్యిమంది.

"ఏందే గీ కథ? సచ్చినోడు మాట్లాడుతడా? ఎవలు నేర్పిండ్రే?"

"అవ్వా, నీ కథే గదా!" అన్నారు అందరూ.

కిష్టవ్వ ఒక నిమిషం ఆలోచించింది.

"నాదా? అయితే మంచిగనే ఉన్నది."

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు. బసవమ్మ వల్ల కాలేదు. తన ముసలాయన, తన పల్లకి, తన కడుపులో ఇన్నాళ్లు దాచుకున్న మాట కళ్లముందే ఇంకొకరి పాలైపోతున్నాయి.

"గీ కథ నాది. అవ్వ నాకేం చెప్పలే. అబద్ధమాడిన."

"గందుకే నాకు మొదటికెల్లి అనుమానం," అంది పుష్పమ్మ కళ్లు తుడుచుకుంటూనే. "సచ్చినోడు మాట్లాడుడేంది?"

"హౌదు అక్కా. సచ్చినోళ్లు మాట్లాడరు," అని కన్నడం కలిపి ఒప్పుకుని, బసవమ్మ సంచులు దిగి చాట పట్టింది.

కిష్టవ్వ తన చోట కూర్చుని రాజును మళ్లీ వేటకు పంపింది. కానీ ఆ రాజును పులి తిన్నా, అతడు పులిని తిన్నా ఎవరికీ పట్టలేదు. ఒకామె ముసలాయన కోడలిని తిట్టి ఉంటాడంది. కాదు, క్షమించమని అడిగి ఉంటాడని ఇంకొకామె. చెరిగిన కందుల్లో రాళ్లు అట్లాగే ఉండిపోయాయి. బసవమ్మ మాత్రం తల ఎత్తలేదు.

చివరికి దుకాణంలో గద్దె మీద కూర్చుని కిటికీలోంచి అంతా వింటున్న పరమేశ్వరప్ప ఉండబట్టలేక వాకిట్లోకి వచ్చాడు.

"బసవమ్మా, గా ముసలాయన చెవిల ఏమన్నడే?"

"ఏ ముసలాయన, సావుకారీ?"

"గదే, పల్లకిల కూసున్నాయన."

"ఎవరి కథల?"

సావుకారి పుష్పమ్మను చూశాడు. పుష్పమ్మ కిష్టవ్వను చూసింది. "నాకైతె తెల్వది బిడ్డా," అని కిష్టవ్వ సంచుల మీద కొంచెం పక్కకు జరిగింది.

"నీ కథలనే తల్లీ," అన్నాడు పరమేశ్వరప్ప, వాకిలంతా వినేటట్టు.

బసవమ్మకు అప్పుడు వచ్చింది ఏడుపు. కొంగుతో ముఖం తుడుచుకుని, చాట పక్కన పెట్టి, పల్లకిని మళ్లీ ఆ వీధి మలుపు దాకా తెచ్చి, ముసలాయన చేత నోరు తెరిపించింది.