చుక్కల పొత్తు టీచరమ్మ

మొన్న మంగళవారం, పరాయి రాష్ట్రంలోని మా రైల్వే ఊళ్ళో, మలంచా రోడ్డు మీద మా కిరాణా కొట్లో కూర్చునుంటే, తెలుగు స్కూలు ప్యూను సైకిలు దిగి, "అమ్మా, తాల్‌బగీచాలో ఉండే టీచరమ్మ గారు పొద్దున్నే పోయినారు" అని నా చేతిలో ఒక కాగితం పెట్టినాడు. సంతాప సభకి పిలుపు అది. అందులో ఏటి రాసినారో తెలుసా? 'మన పాఠశాల మాజీ కుట్టుపని ఉపాధ్యాయిని' అని! నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. ఆవిడ సైన్సు టీచరు. ఆవిణ్ణి కుట్టుపనిలోకి తోసినది మన వాళ్ళే. ఆ సంగతి నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆవిడ క్లాసులోకి వస్తూనే ముందు కిటికీలు తీయించేవారు. మధ్యలో వర్క్‌షాపు సైరను మోగిందా, నోరు మూసుకొని సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుకుంటూ నిలబడేవారు. "దానితో పోటీ నాకెందుకే" అనేవారు. శనివారాలు రిక్షా ఎక్కి పెద్ద కాలేజీ లైబ్రరీకి పోయి, విదేశీ పత్రికల్లో ఉన్నది నోటుబుక్కులో చేత్తో ఎక్కించుకొని వచ్చేవారు. జీతం పెంచుతామని ఎవరూ అనలేదు, చెయ్యమని ఎవరూ అడగలేదు.

బజారుకి సంతాలీ గిరిజన ఆడవాళ్ళు తెచ్చే మొక్కజొన్న పొత్తుల్లో, తెల్ల గింజల మీద ఊదా చుక్కలున్నవి ఏరేరి కొనేవారు. "దీదీ, యే అచ్ఛా నహీ" అని, అవి బాగోవని అమ్మే మనిషి మంచివి చూపించినా వినేవారు కాదు. వాటినే క్వార్టరు పెరట్లో నాటేవారు. ఆ పొత్తు ఒకటి క్లాసుకి తెచ్చి మాకు చెప్పినది ఇప్పటికీ నాకు కంఠతా ఉంది.

"మీ నాన్నలకి ట్రాన్స్‌ఫర్లు అవ్వవా? జన్యువుల్లో కూడా కొన్ని ముక్కలకి ట్రాన్స్‌ఫర్లున్నాయి. ఒక ముక్క పోయి రంగు తయారుచేసే జన్యువులో కూర్చుందనుకోండి, రంగు పని బంద్. గింజ తెల్లగా ఉండిపోతుంది. గింజ పెరుగుతుండగా ఏ కణంలోనైనా ఆ ముక్క లేచిపోయిందా, ఆ కణానికి పుట్టిన కణాలన్నిట్లో మళ్ళీ రంగే. అదే ఈ చుక్క. ముందే లేస్తే పెద్ద మచ్చ, ఆలస్యంగా లేస్తే చిన్న చుక్క."

జన్యువులు దండలో పూసల్లాగ ఎక్కడివక్కడే ఉంటాయని మా పుస్తకంలో ఉండేది. ఈ కొత్త మాట చెప్పినది విదేశంలో ఒక ఆడమనిషి అనీ, పెద్దపెద్దవాళ్ళే నమ్మడం లేదనీ కూడా దాచకుండా చెప్పినారు. "ఏ జన్యువు ఎప్పుడు పని చెయ్యాలో కొంత ఈ ముక్కల చేతిలో ఉండొచ్చు. తరాలు గడిచినకొద్దీ కొత్త రకాలు పుట్టడానికి ఇదీ ఒక దారి కావచ్చు. కావచ్చు దగ్గర కావచ్చే రాయండి. అవును అని రాస్తే మార్కులు కోస్తాను." అలా మాట్లాడే మనిషి మోసం చేసిందన్నారండీ!

చైనా యుద్ధం వచ్చిన ఏడాది స్కూల్లో సైన్సు ఎగ్జిబిషను పెట్టినారు. పొత్తుల బల్ల దగ్గర నన్ను నిలబెట్టినారు. చూడ్డానికి వచ్చిన స్కూలు కమిటీ మెంబరు వర్క్‌షాపులో రైలు పెట్టెలకి రంగులేసే సెక్షను ఫోర్‌మాన్. పొత్తు అందుకొని, "సిరా సుక్కలు పెట్టి మాకే సూపిస్తన్నారేటి? రంగు సంగతి నాకు సెప్తారా?" అని నవ్వినాడు. కిరసనాయిల్లో గుడ్డ ముంచి తెప్పించి, అందరి ముందూ గింజ పట్టుకొని రుద్దినాడు. గింజ మెరిసింది గానీ చుక్క కదల్లేదు. గుడ్డకి ఇంత రంగైనా అంటలేదు. అయితే ఆయన ఏమన్నాడో చూడండి: "ఓర్నాయనో, పక్కా రంగే ఏసినారు!" గుడ్డ పారెయ్యమని నా చేతికే ఇచ్చినాడు. అది శుభ్రంగా ఉందని చూసినది నేను. నోరు విప్పలేదు. పదిహేనేళ్ళ పిల్లని, భయం. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

మర్నాడు హెడ్మాస్టరు గారు, రంగులద్దినది తప్పేనని రెండు ముక్కలు రాసిస్తే సైన్సు క్లాసులు ఉంచుతామన్నారు. "చుక్క నేను పెట్టలేదు. పెట్టానని ఎలా రాస్తాను?" అన్నారు టీచరమ్మ. అంతే. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసే ఆడపిల్లల కుట్టు క్లాసు ఆవిడకి రాసిపెట్టినారు. రిటైరయ్యేదాకా అదే.

పోయినేడు ఒక పత్రికలో, అలాంటి ముక్కలు బాక్టీరియాలోనూ దొరికాయని చదివినాను. రసగుల్లాలు పట్టుకొని పరుగున పోయినాను. "మీరే గెలిచినారు టీచర్!" అంటే, "గెలవడమేటే? బాక్టీరియాలోనా? ఆ కాగితం తెచ్చావా?" అన్నారు. తేలేదు. "మిఠాయి తెచ్చింది గానీ కాగితం తేలేదు, చూడు!" అని చీవాట్లు పెట్టినారు. కాసేపటికి, "కోపం లేదనుకోకు. అన్నేళ్ళు మైక్రోస్కోపు ముట్టుకోనివ్వలేదు నన్ను" అన్నారు.

నిన్న సభలో అదే హెడ్మాస్టరు గారు, ఇప్పుడు ముసలాయన, "సహనమూర్తి, కుట్టులో దిట్ట" అని మొదలుపెట్టినారు. నేను లేచి నిలబడినాను. "ఆవిడ సైన్సు టీచరండీ. గుడ్డకి రంగు అంటలేదు. నేను చూసినాను" అని గట్టిగా అరిచినాను. "చనిపోయిన మనిషి దగ్గర పాత గొడవలెందుకమ్మా, కూర్చో" అన్నారాయన. ఎవరూ నా వైపు రాలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒకామె లేచింది. ఫిట్టరు భార్య, చంకలో పిల్ల. "నేను సెప్తాను మేస్టారూ" అని పైట చెంగు ముందుకి లాగి, దాని మీద కుట్టిన పువ్వు చూపించింది. "ఈ పువ్వు మీద మాసిక ఏసినామనుకోండి, పువ్వు అగుపడదు. ఎక్కడికీ పోనేదు, మాసిక కిందే ఉంది. మాసిక ఇప్పి ఇంకోసోట ఏస్తే పువ్వు మళ్ళీ అగుపడతాది. మొక్కజొన్న గింజలో సుక్కా అంతే. మాసికే తిరుగుతాది. మడుసుల్లోనూ ఇలాటివి ఉండొచ్చంట. ఉండొచ్చు అనే అనాల."

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి ఆమె వైపు చూసినారు.

"ఇంత సైన్సు ఎక్కడ చదివావమ్మా?"

"మన స్కూల్లోనే మేస్టారూ. కుట్టు క్లాసులో."