పలకని ‘కే’

నర్సు చదువు కోసం నాయన నన్ను తిరుపతి దగ్గరి మిషన్ ఆసుపత్రిలో చేర్పించేనాటికి నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, పలకడం రాదు. సత్యవేడు పక్క పల్లెలో మాకు చదువు చెప్పిన అయ్యవారు ఏ అక్షరాన్నీ వదిలేవారు కాదు. రాసిందంతా పలకాలన్నది ఆయన పద్ధతి. తెలుగు నేర్చిన పిల్లకు అది న్యాయంగానే తోచింది. అందుకే మొదటి వారంలో పాఠం గట్టిగా చదవమన్నప్పుడు మోకాలిని ‘క్నీ’ అన్నాను, కత్తిని ‘క్నైఫ్’ అన్నాను. తోటి అమ్మాయిలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ‘ఎన్’ ముందు వచ్చే ‘కే’ని పలకకూడదని తర్వాత చెప్పారు గాని, నా నాలుక వినలేదు.

మాకు పై అధికారి డెన్మార్క్ నుంచి వచ్చిన పెద్దావిడ. అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆమెకు ఇంటినుంచి జాబులు రావడం ఆగిపోయింది. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు. సాయంత్రం పూట తోటలో మోకాళ్ళు నేలకు ఆనించి కలుపు తీసుకుంటూ ఉండేది.

ఒక వేసవిలో ఆమెకు జ్వరం వచ్చింది. మలేరియా అనుకొని డాక్టరుగారు క్వినైన్ ఇచ్చారు. ఆ రోజుల్లో ఏ జ్వరానికైనా ముందు అదే. జ్వరం తగ్గకపోగా పెరిగింది. ఆమె నోట ఇంగ్లీషు పోయింది, వచ్చీరాని తెలుగూ పోయింది. కళ్ళు మూసుకొని తన భాషలో ఏదో గొణుగుతూ ఉండేది. నన్ను పక్కన కూచోబెట్టి నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ ఉండమన్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె మాటల్లో ఒకటి పదేపదే వినబడింది. “క్నే... క్నే.” ఎవరో అయినవాళ్ళ పేరేమో అనుకున్నాను. ఇంకాసేపటికి నా ‘క్నీ’ గుర్తొచ్చింది. దుప్పటి పైనుంచే ఆమె మోకాలి మీద మెల్లగా చెయ్యి వేశాను. ఆమె కెవ్వుమంది. దుప్పటి తీసి చూస్తే మోకాలు ఎర్రగా వాచి ఉంది, పక్కన నల్లటి ముల్లు మొన.

పరుగున పోయి డాక్టరుగారికి చెప్పాను. “ఆమెకు మోకాలు నొస్తాండాది సార్. ఇందాకట్నించీ ఆ మాటే చెప్తా ఉండాది.”

“ఆ భాష నీకెట్లా వచ్చు?” అన్నారాయన.

“నాకు రాదు సార్. నేనూ ఆ మాట అట్నే పలుకుతాను.”

ఆయన వచ్చి మోకాలు చూశారు. ఆ పూటే కోసి చీము తీశారు, సల్ఫా మాత్రలు వేశారు. వారం తిరిగేసరికి సిస్టరమ్మ దిండుకు ఆనుకొని కూచుంది. నన్ను పిలిపించింది.

“నీవు మోకాలిని ఇంగ్లీషులో ఏమంటావు?”

నేను తల దించుకొని “క్నీ” అన్నాను.

“మా దేశంలో అలాగే అంటాము. కత్తి క్నీవ్, ముడి క్నూదె. అన్నిటికీ ముందు కే ఉన్నది, పలుకుతాము కూడా. నీ నోరు తప్పు కాదు. కొన్ని వందల ఏళ్ళు ఆలస్యం, అంతే.”

కాలు చాపుకొని పడుకోవలసిన ఆ రోజుల్లో ఆమె నాకు చాలా చెప్పింది. ఇంగ్లీషువాళ్ళూ ఒకప్పుడు ఆ కేని పలికేవాళ్ళట. మెల్లగా పలుకు పోయింది, రాత మిగిలింది. కత్తి మాటను వాళ్ళ వైపు ఓడలవాళ్ళే ఇంగ్లండుకు మోసుకుపోయారని కొంచెం గర్వంగా చెప్పింది. ‘నాట్’ అంటే ముడి, అల్లడానికి చెప్పే ‘నిట్’ దాని చుట్టమేనట. తలుపు తట్టడానికి చెప్పే ‘నాక్’ అనే మాట చప్పుడులోంచి పుట్టిందని మంచం చెక్క మీద వేళ్ళ కణుపులతో కొట్టి చూపించింది. నిజమే, ఆ చప్పుడులో కే వినబడింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ‘నైట్’. ఇప్పుడు అది గుర్రమెక్కిన వీరుడి బిరుదు. మొదట్లో పనిపాటలు చేసే కుర్రవాడికి చెప్పే మాటట.

అప్పుడే ఆడవాళ్ళ వార్డులో మోకాటిచిప్ప పగిలిన ఒక ముసలమ్మ ఉండేది. చిన్నప్పుడు తండ్రి దగ్గర సంస్కృతం నేర్చుకున్న మనిషి. కట్టు మారుస్తూ ఈ కబుర్లు ఆమెకు చెప్పాను.

“మోకాలిని మేం జాను అంటాం గదమ్మా. మోకాళ్ళు తగిలే చేతులున్నోణ్ణి ఆజానుబాహువు అంటాం. నీ క్నీ, మా జాను, రెండూ యాడో ఒకసోట పుట్టినట్టుండాయే. తెలుసుకునేదాన్ని ఏమంటారు ఇంగ్లీషులో?”

“నో అంటారవ్వా. దానికీ ముందు కే ఉండాది.”

“అయితే అది జ్ఞానం. ఇంకేంది?”

సిస్టరమ్మకు చెబితే, చేతికర్ర పట్టుకొని కుంటుకుంటూ ఆ ముసలమ్మ మంచం దగ్గరికి వచ్చింది. తమ దేశపు పండితులూ అదే మాట రాశారని, ఇంగ్లీషు, సంస్కృతం, తమ భాష ఒకే తల్లి బిడ్డలని చెప్పింది. ఇద్దరి మధ్యా నేను నిలబడి మాటలు అటూ ఇటూ చేరవేశాను. ఆ ముసలమ్మ మడి మనిషి, దొరసాని ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగదు. అయినా ఇంటికి వెళ్ళేదాకా రోజూ, “మీ పెద్దామె వచ్చిందా?” అని అడిగేది.

నాయన చూడ్డానికి వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

“పలకనిదాన్ని యాలమ్మా రాసేది?”

“ఒకప్పుడు పలికేవాళ్ళంట నాయనా.”

“మరి తీసేయచ్చు గదా?” అన్నాడు. తలపాగా మళ్ళీ చుట్టుకుంటూ ఆయనే, “ఉండనీలే, దాని సోటు అది” అన్నాడు.

చదువు పూర్తయ్యాక నన్ను పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చిన్న వైద్యశాలకు పంపారు. పెట్రోలు కరువులో బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎక్కించడానికి సిస్టరమ్మ వచ్చి, బొగ్గు రాజుకునేదాకా ఎండలో నిలబడింది. అక్కడి జాలరి ఆడవాళ్ళ మాట సగం అరవం. ఒంట్లో ఏ భాగాన్ని ఏమంటారో వాళ్ళనే అడిగి, వేలు పెట్టి చూపించుకొని, మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను.