చదువుకు ఒడి నింపిన పంతులమ్మ

వనపర్తి సంతకు ఎద్దులు కొనడానికి వచ్చిన మా గద్వాల మనిషి ఒకాయన, ఎద్దుల సంగతి పక్కన పెట్టి నేను పాఠాలు చెప్పే బడికి వచ్చాడు. వాకిట్లో నిలబడి తలగుడ్డ విప్పాడు. ఆ విప్పడంతోనే నాకు సగం అర్థమైంది.

"పంతులమ్మ పోయింది బిడ్డా. నిన్న పొద్దుగాల మట్టి చేసినం. జెరమొచ్చిందని పండుకున్నది, మళ్ల లేవలే" అన్నాడు.

లోపల పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు వెంటనే రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇంత తొందరేమొచ్చిందామెకు? ఇంకా అడగవలసినవి అన్ని ఉండగా, ఆమె తప్ప అడిగేవాళ్లు ఎవరున్నారని పోయింది?

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న మా గద్వాల సీమలో, మాదిగవాడ పిల్లలకు చదువు చెప్పిన మనిషి. మల్దకల్ పక్క పల్లెలో పుట్టింది. తండ్రి మోటబావులకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. పెళ్లయిన కొత్తలోనే భర్త గత్తరకు, అంటే కలరాకు, పోయాడు. మిషన్ బంగళాలో దొరసాని దగ్గర అక్షరాలు నేర్చుకుని, మా వాడలో ప్రార్థన గుడి వసారా కింద బడి పెట్టింది. ఆమెను మేమెవరమూ 'మీరు' అనలేదు. మా వాడలో అమ్మను ఎవరూ 'మీరు' అనరు. అందుకే ఇక్కడా అనలేకపోతున్నాను, పెద్దలు మన్నించాలి.

పొట్టి మనిషి. గొంతు మాత్రం పొట్టిది కాదు. పొద్దున బడి మొదలయ్యే ముందు ప్రార్థన చేయించేది. మా అందరి కళ్లూ మూయించి తాను మాత్రం తెరుచుకుని ఉండేది. ఒకసారి సంఘ పెద్ద అది చూసి, ప్రార్థనలో కళ్లు తెరవడమేమిటని నిలదీశాడు. "కండ్లు మూసుకుంటే నాకు ప్రభువు కనవడ్తడు గని, వీండ్లు కనవడరు. నేను ఆమెన్ అనేసరికి సగం మంది బర్ల కాడ ఉంటరు" అంది. నిజమే. మా వాడలో పిల్లవాడికి కాస్త కాళ్లూ చేతులూ వస్తే పటేలు ఇంటి బర్రెల వెనకకు జీతం పోవలసిందే. ఆ బర్రెలతో పోటీపడి బడి నడిపిన మనిషి ఆమె.

ఆ బడి నాలుగో తరగతితో ఆగిపోయేది. బైబిలు చదవడం వచ్చేది, సంతకం చేయడం వచ్చేది, అంతటితో సరి. అందరికీ అది చాలనిపించింది, ఆమెకు తప్ప. ఐదో తరగతి కావాలని దొరసానిని అడిగింది. దొరసాని చెడ్డదేమీ కాదు. మా పుండ్లు కడిగిన చేతులే ఆమెవి. కానీ గ్రంథాల్లో నేర్చుకున్న తన తెలుగులో, "మీ పిల్లలు వాక్యము చదువగలుగుచున్నారు గదా. ఇంక నేమి కావలెను?" అంది.

"ప్రభువు నాలుగో తరగతి కాడనే ఆపమన్నడా దొరసానీ? ఏ సువార్తల ఉన్నది? జర తీసి సూపియ్యి" అంది మా పంతులమ్మ.

దొరసాని చూపించలేకపోయింది. ఐదో తరగతీ ఇవ్వలేకపోయింది. అది తన చేతిలో లేదని, సర్కారు కచేరీలో అడగమని చెప్పింది. ఎవరి కచేరీ, ఏ అధికారి అన్నది ఇప్పుడెందుకు గానీ, పంతులమ్మ అక్కడికి పోయింది. గేటు బయట నిలబడమన్నారు. నిలబడింది. పొద్దు నెత్తిమీదికి వచ్చింది, ఎవరూ పిలవలేదు. ఇంకొకరైతే తిరిగి వచ్చేసేవాళ్లు. ఆమె మరునాడు మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని పోయి, ఆ కచేరీ గోడ నీడలో మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. "పిలిచేదాక ఊకె నిలబడితే మీ చదువు పాడైతది. ఇక్కడ్నే చదువుకోండి, గట్టిగ" అంది. గట్టిగానే చదివాం. ఎక్కాలు, పద్యాలు, దేశాల పేర్లు, నదుల పేర్లు. లోపల గుమాస్తాలు తమ లెక్కలు తప్పుతున్నారని బంట్రోతు బయటికి వచ్చి మొత్తుకున్నాడు. "వాండ్ల లెక్కలు తప్పితే మా పిల్లలు సరిచేస్తరు, పంపుమను" అంది.

చివరికి ఆ అధికారే మెట్ల మీదికి వచ్చి కాసేపు విన్నాడు. "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. వచ్చే ఏడు ఆమె కొత్త పిల్లలతో మళ్లీ పోయింది. ఆ మరుసటి ఏడు మళ్లీ. ఒకసారి అడిగి లేదనిపించుకోవడానికే మనకు ముఖం చెల్లదు. లేదన్న గుమ్మానికే నవ్వుతూ మళ్లీ పోవడం ఎట్లాగో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆమెకది ప్రార్థన లాంటిదే. "దేవుణ్ని రోజూ అడుగుతలేమా? ఆయన ఇసుక్కుంటుండా? ఈయన ఆయన కన్న పెద్దోడా?" అనేది.

ఐదో తరగతి వచ్చింది. వస్తూ వస్తూ ఉర్దూను వెంటబెట్టుకుని వచ్చింది. మా రాజ్యంలో పై చదువంతా ఉర్దూలోనే. ఉర్దూ చెప్పవలసిన మున్షీ మా వాడకు రానన్నాడు. పంతులమ్మ కోట దగ్గరి గల్లీలో ఒక ముసలి బీబీని పట్టుకుంది. ఆ బీబీ ఇంట్లో చిన్న పిల్లల నడుమ, నెరిసిన జుట్టుతో, పలక పట్టుకుని కూర్చుని అలిఫ్, బే మొదలుపెట్టింది. సాయంత్రం తాను నేర్చుకున్నది పొద్దున మాకు చెప్పేది. కుడి నుంచి ఎడమకు చదవడం కష్టంగా లేదా అని మేమడిగితే, "ఎడమ దిక్కు నుంచి పోయి నాలుగో తరగతి దాటకపోతిమి. ఇగ కుడి దిక్కు నుంచి పోయి సూద్దం" అంది.

అట్లా ఏడో తరగతి దాకా లాక్కొచ్చింది. అక్కడితో నా సంగతి మొదలైంది. మా వాడలో ఏడో తరగతి పూర్తి చేసిన మొదటి ఆడపిల్లను నేను. ఆపై చదువుకు పట్నం పోవాలి. అక్కడ ఆడపిల్లల హాస్టలులో నాకు చోటు అడిగి సంపాదించింది. కానీ కోడేరులో మా మేనమామ కొడుక్కు నన్నిస్తామని మా నాయన ఎప్పుడో మాట ఇచ్చి ఉన్నాడు.

"ఆడపిల్ల, పట్నం, చదువు. ఒక్కొక్కటే భయం. మూడూ ఒక్కసారి అంటే ఎట్ల పంతులమ్మా?" అన్నాడు నాయన, చేతిలో ఆరె ఆపకుండానే తోలు బొక్కెన కుడుతూ.

ఆమె ఆయన పక్కనే నేలమీద కూర్చుంది. "ఆ బొక్కెన ఒక్క వరస కుట్టి బావిల ఏస్తవా?" అంది.

"ఎట్లేస్త? నీళ్లన్ని కారిపోతయి."

"నా పిల్లకు ఒక్క వరసే కుట్టి ఇడువమంటవేంది మరి? మా నాయన కూడ గీ పనే చేసిండు. నాకు తెల్వదనుకోకు."

నాయన చాలాసేపు కుట్టాడు. తర్వాత, "ఎప్పుడు పోవాలె?" అని అడిగాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పెళ్లి చేసి పంపడం తప్ప ఆడపిల్లను ఊరు దాటించే పద్ధతి మా వాడలో ఎవరికీ తెలియదు. చదువుకు పంపేటప్పుడు ఏం చేయాలో చెప్పడానికి ముందు పోయినవాళ్లు లేరు. మా అవ్వ, నాయన తల్లి, ఆలోచించి ఆలోచించి, ఇంటింటా గుప్పెడు బియ్యం అడిగి తెచ్చి పసుపు కలిపింది. జొన్నలు తినే వాడలో ఆ బియ్యం రావడమే గొప్ప. పెళ్లయిన ఆడబిడ్డను అత్తారింటికి పంపేటప్పుడు కొంగులో పోసే ఒడిబియ్యం నాకు పోస్తానంది. సంఘ పెద్ద పరుగెత్తుకొచ్చాడు. "ఇది అన్యుల ఆచారం. అదీగాక పెండ్లి గాని పిల్లకు ఒడిబియ్యమేంది?" అన్నాడు.

"మన పిల్ల ఊరు దాటి పోతుంటే ఉత్త ఒడితోని పోతదా? పోయనియ్యి. ప్రభువుకు నేను చెప్పుకుంట" అంది పంతులమ్మ. అని, వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడింది. భర్త లేని ఆడది అట్లాంటి చోట ముందుకు రాకూడదు గదా. అంత కచేరీని గడగడలాడించిన మనిషి, అక్కడ మాత్రం తనంతట తాను దూరం జరిగింది.

మా అవ్వ చేట తీసుకుని పోయి ఆమె ముందు పట్టింది. "ముందు నువ్వు పొయ్యి. కన్నది నా కోడలు గని, మనిషిని చేసింది నువ్వు" అంది. పంతులమ్మ దోసిలి నిండా తీసి నా కొంగులో పోసింది. ఆ రోజు మాత్రం కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది.

ఇక చూడండి. ఆ కబురు కృష్ణ దాటి కోడేరు చేరింది. గద్వాలలో పిల్లకు ఒడిబియ్యం పోశారట అంటే ఎవరైనా ఏమనుకుంటారు? నేను రైలెక్కవలసిన పొద్దున, మా మామ కర్ర పట్టుకుని, మా అత్త చిన్నకూతురి చెయ్యి పట్టుకుని, పుట్టిలో నది దాటి వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు.

"మాకు మాటిచ్చి పిల్లను ఇంకొకరికిస్తరా? మేమేం సచ్చినమా?" అని మామ కేకలు.

పెళ్లి కాలేదని నాయన ఒట్టు పెట్టుకున్నాడు. "పెండ్లి గానిదే ఒడిబియ్యం పోస్తరా? మమ్ముల గొర్లనుకున్నవా?" అంది అత్త. వాళ్ల మాటా న్యాయమే. వాడంతా పోగైంది. రైలు వేళ అవుతోంది. నా పెట్టె వాకిట్లోనే ఉంది. నా చదువు ఆ వాకిట్లోనే ముగిసిపోతుందనుకున్నాను.

పంతులమ్మ మధ్యలోకి వచ్చింది. "ఇచ్చినం. అబద్ధమెందుకు? పిల్లను చదువుకిచ్చినం" అంది.

మామ కర్ర దించాడు. "చదువుకిచ్చుడేంది?"

"గట్లనే. చదివినంక నీ కొడుకునే చేసుకుంటదో, ఇంకేం చేస్తదో, అదే చెప్తది. గప్పటిదాక ఎవ్వలం అడగొద్దు." అంటూనే అత్త కొంగు చాటున ఉన్న పిల్లను చూసింది. "ఈ పిల్ల ఏం చదువుతున్నది?"

"ఏం చదువుతది? మమ్ముల బడి కాడికి రానిస్తరా?"

"అట్లయితే ఈడ ఇడిసి పోండి."

"కొట్లాటకొస్తే పిల్లనడుగుతవేందమ్మా!" అని అత్త నోరు తెరిచింది. అందరికంటే ముందు నవ్వింది మామే. నా పెట్టెను నెత్తిన పెట్టుకుని స్టేషన్ దాకా మోసింది కూడా ఆయనే. నేను పట్నం పోయాను. నన్ను ఆపడానికి వచ్చినవాళ్ల కూతురు మా బడిలో కూర్చుంది. ఆ పిల్ల ఇప్పుడు నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు. కొట్లాటకు వచ్చినవాళ్ల చేతిలోంచి పిల్లను తీసుకుని బడిలో వేసుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పట్నంలో మెట్రిక్ అయింది, కాలేజీలో చేరాను. మొదటి సెలవులకు ఇంటికి వస్తే అందరూ ఏం చదివావని అడిగారు. పంతులమ్మ మాత్రం, "ఎక్కడ కూసోవెడుతుండ్రు?" అని అడిగింది. చెప్పాను. చివరి బల్ల, ఒక్కదాన్నే. నీళ్లకు వేరే గ్లాసు. "పరుల కాలేజీల నీ జాగ వాండ్లు చెప్తరు. మన కాలేజి మనకుంటే ఎవలూ చెప్పరు. అదే అడగాలె ఇగ" అంది. ఐదో తరగతి అడిగినంత మామూలుగా అంది. వాడకు కాలేజీ ఏమిటని ఊరంతా నవ్వింది. నేనూ లోలోపల నవ్వుకున్నాను. ఆమె మాత్రం అడుగుతూనే పోయింది. దొరలను అడిగింది, పట్నం నుంచి వచ్చిన పెద్దలను అడిగింది, సభలకు పోయి మైదానంలో లేచి నిలబడి అడిగింది. ఎవరూ అవునని అనలేదు. అనకుండానే ఆమె పోయింది.

కబురు విన్న మరునాడు గద్వాల పోయాను. సమాధి దగ్గర కూర్చుని, ఏడవవలసినంత ఏడ్చి, ప్రార్థన గుడి వెనక నుంచి తిరిగి వస్తున్నాను. అక్కడ ఎవరికీ పనికిరాని బీడు ఒకటి ఉంది, నేను అటు పోయి ఏళ్లయింది. దాని నిండా రాళ్లు వరసలుగా పేర్చి ఉన్నాయి. చీలమండ ఎత్తు కూడా లేవు. పెద్ద పెద్ద చదరాలు, పక్కపక్కన. మధ్యలో నిలబడి, ఇదేమిటా అని చూస్తున్నాను. అప్పుడే మా పక్కింటి వదిన గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని చేను నుంచి వస్తోంది. అడిగాను.

"అది కాలేజి. నీకు తెల్వదా?" అంది, తెలియకపోవడమే వింతయినట్టు. "నువ్వు కాలేజి సెలవులకొచ్చి పోయినంక పెట్టింది పంతులమ్మ. పిల్లల తోని రాళ్లు మోపిచ్చి, తనే పేర్చింది. అది సైన్సు గది. ఆ పక్కది పుస్తకాలది. నువ్వు నిలవడ్డది లెక్కల గది."

నేనున్న చోట నుంచి కదలలేకపోయాను. వదిన ఇల్లు ఆ బీడుకు అవతలే. ఆ రాళ్ల మీదుగా ఒక్క అడుగు వేస్తే చాలు, నేరుగా ఇల్లు చేరుతుంది. ఆమె వేయలేదు. రాళ్ల పక్క నుంచి నడిచి, వరసలో తలుపుకని ఖాళీ వదిలిన చోటికి పోయింది. అక్కడ గడప లేదు, గోడ లేదు, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా మోపు పైన తగలకుండా మెడ కొంచెం వంచి లోపలికి వచ్చింది.