రోజుకి ఎన్ని, మామ్మా?

నేపాల్ బయల్దేరే ముందురోజు మా మామ్మ నన్ను ఒక్కటే కోరిక కోరింది. నేను గచ్చు మీద కూర్చుని సంచి సర్దుకుంటున్నాను. ఆవిడ గుమ్మానికి చేరబడి, "ఒసే గుంటా, కారం తగిల్తే నోరు మండిపోతన్నాది. పైన నాలిక్కి ఏటో గరుగ్గా తగుల్తాది. పళ్ల డాక్టరువి అయిపోతావు కదా, ఓపాలి సూడవే" అంది. డాక్టరూ లేదు, ఏమీ లేదు. ప్రవేశ పరీక్ష రాశాను, ర్యాంకు వచ్చింది, డెంటల్ సీటు వస్తుందో రాదో కౌన్సెలింగ్ అయితేగాని తెలియదు. అప్పటిదాకా నేను తెరిచి చూసిన నోరు అద్దంలో నాదొక్కటే. "ఇప్పుడు కాదు మామ్మా, వచ్చాక చూస్తాను" అన్నాను. అంత తీరిక లేని పని ఏమిటంటే, రబ్బరు చేతి తొడుగులు మూడు జతలు సాక్సుల్లో కుక్కడం.

ఈ నేపాల్ పిచ్చి ఫోన్లో చూసిన ఒక ప్రకటనతో పట్టుకుంది. దంతవైద్యం చదవాలనుకునేవాళ్ళకి విదేశంలో సేవ చేసే అవకాశమట. నెల రోజులు ఉంటే సర్టిఫికెట్ ఇస్తారట. ఫొటోలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఎవరో ముసలాయన నోట్లోకి చూస్తోంది. ఆ కోటులో నన్ను నేను ఊహించేసుకున్నాను. నాన్నకి చెబితే, నారుమడిలోంచి తల కూడా ఎత్తకుండా, "నేపాలు ఫారినేటే? పాస్‌పోర్టే అక్కర్నేదంట కదా. అయినా నోళ్లు సూడ్డానికి అంత దూరమెల్లాలా? మన నౌపడలో జనాలకి నోళ్లు నేవేటి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉప్పుమళ్ల మధ్య పుట్టినవాళ్ళకి ఇంతకన్నా ఏం తెలుస్తుందని నోరు జారాను. మూడు రోజులు అన్నం మానేసి అలిగాను. చివరికి అమ్మ మధ్యలో పడి ఒప్పించింది. ఇప్పుడు ఆ మాటలు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. మీ ఇంట్లో పొగాకు అలవాటున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవరూ లేరు అని రాశాను. అబద్ధం రాస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఇది అర్థం కావాలంటే మా ఇంటి పద్ధతి చెప్పాలి. మామ్మ అడ్డపొగ తాగుతుంది. అంటే చుట్ట ముట్టించి, నిప్పున్న కొనని నోటిలోపల పెట్టుకుని పెదాలు మూసేస్తుంది. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే. ఊడ్పుల్లో నీళ్ళు చిందినా చుట్ట ఆరదు, చంటిపిల్లని ఎత్తుకున్నా నుసి రాలదు. కానీ కొడుకు కంట పడకూడదు. అందుకని పెరట్లో, గిన్నెలు తోమేచోట, ఎవరూ లేనప్పుడు కాలుస్తుంది. నాన్న దగ్గు వినబడగానే చుట్ట మాయమైపోతుంది. నాన్న కూడా పెరట్లోకి వెళ్ళే ముందు తప్పకుండా దగ్గుతాడు. జలుబు ఉన్నా లేకపోయినా దగ్గుతాడు. శనివారం సంత అయ్యాక పెరటిగోడ గూట్లో చుట్టల కట్ట ఉంటుంది. అది ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. మా దృష్టిలో పొగ తాగడమంటే మగవాళ్ళు కిళ్లీకొట్టు దగ్గర నిలబడి సిగరెట్టు కాల్చడం. అంచేత మా ఇంట్లో ఎవరూ పొగ తాగరు.

సరే, వెళ్ళాను. రైళ్ళు, బస్సులు, ఆఖరికి ఒక జీపు మారి, ఎడతెగని వానలో ఒక కొండ ఊరి బడి ముందు దిగాను. రెండు గదుల్లో శిబిరం. మాతో ఉన్న అసలు డాక్టరు ఒక్కావిడే, ఆ దేశపు మనిషే. మిగతా ఏడుగురం రకరకాల దేశాల నుంచి వచ్చినవాళ్ళం, ఒక్కరికీ పన్ను ముట్టుకునే అర్హత లేదు. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పేసింది, ఎవరి నోట్లోనూ వేలు పెట్టకూడదని. న్యాయమే, కానీ ప్రకటనలో ఆ ముక్క రాయొచ్చు కదా! నాకు ఇచ్చిన పని నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాలు కడగడం. అది చాలదన్నట్టు, పిల్లలకి పళ్లు తోముకోవడం నేర్పించాలని నాకు పన్ను వేషం వేశారు. తెల్లకోటు అనుకుని వెళ్తే తెల్లటి స్పాంజి పన్ను తొడిగారు. వానకి అది తడిసి పిండివంట పిండిలా బరువెక్కేది. అందులోకి జలగలు దూరేవి. నేను లోపల గెంతుతుంటే, పన్ను డాన్సు చేస్తోందనుకుని పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

మూడో వారం చివర్లో నాకు ప్రమోషన్ వచ్చింది. వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెట్టి, నాకొచ్చిన హిందీలో నాలుగు ప్రశ్నలు అడిగి కాయితం మీద రాయాలి. అందులో ఒకటి, పొగ తాగుతారా అని. ముసలమ్మలందరూ తల అడ్డంగా ఊపారు. నేను లేదు, లేదు, లేదు అని రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నం డాక్టరమ్మ ఆ కాయితాలు చూసి నా మొహం మీద విసిరినంత పని చేసింది. "ఈ చలిలో బతికే ముసలాళ్ళు ఒక్కరూ తాగరా? పొగకి పచ్చబడ్డ వాళ్ళ వేళ్ళు చూడలేదా నువ్వు? తాగుతారా అని అడిగితే మర్యాదస్తులెవరైనా తాగుతామంటారా? రోజుకి ఎన్ని అని అడుగు" అంది. మళ్ళీ వరస మొదటికి వెళ్ళి అలాగే అడిగాను. ఐదు, పది, లెక్కపెట్టలేదమ్మా అన్నారు, నవ్వుతూ. పొద్దున్నే చెప్పి చావొచ్చు కదా అని వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ మాకు నోటి జబ్బుల బొమ్మలు గోడ మీద వేసి చూపించింది. ఒక బొమ్మ దగ్గర ఆగింది. నోటి పైభాగం, అంగిలి. గులాబీ రంగులో ఉండాల్సింది తెల్లగా, బీటలు పడి, మధ్యమధ్య ఎర్రచుక్కలతో ఉంది. "ఇది చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుంటే వచ్చేది. ఇండియాలో, ఆంధ్ర ఉత్తర తీరంలో ఆడవాళ్ళకి ఈ అలవాటు ఉంది. ఈ తెలుపు మీద మంట, గరుకు, ఎర్రగా పుండు కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు. కాన్సర్‌కి దారి అది" అంది. అందరూ నా వైపు తిరిగారు. "నీది ఆ వైపే కదా?" అని అడిగింది పక్కనున్న అమ్మాయి. "మా ఇంట్లో ఎవరూ పొగ తాగరు" అన్నాను. అంటుండగానే నా మాట నాకే వినబడింది. పొద్దున వరసలో కూర్చున్న ముసలమ్మలు ఇదే మాట ఇంతే గట్టిగా చెప్పారు. మంట అంది మామ్మ. గరుగ్గా తగుల్తాది అంది. అంతకన్నా స్పష్టంగా ఏ పుస్తకం చెబుతుంది? ఓపాలి సూడవే అంటే నేను చేతి తొడుగులు సర్దుకున్నాను.

బడి డాబా ఎక్కితేగాని ఫోన్ అందదు. ఎక్కి వీడియో కాల్ చేశాను. "అమ్మా, మామ్మకి ఇవ్వు. నోరు తెరిచి చూపించమను" అన్నాను. "పళ్లే నేవు కదే ఆవిడికి, ఏటి సూస్తావు?" అంది అమ్మ. తర్వాత నాకు ఫ్యాన్ కనిపించింది. తర్వాత గోడ మీద క్యాలెండర్. తర్వాత మామ్మ చెవి. ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుంది.

"మామ్మా, చెవి కాదు! మొహం ముందు పెట్టు. నోరు తెరు."

"ఎలగున్నావే? అక్కడ అన్నం దొరుకుతన్నాదా?"

"నోరు తెరు మామ్మా!"

"సెల్లులో నోరు తెరవడమేటే? నా నోరు ఊరంతా పంపించేస్తావేటి? నానొల్లను తల్లీ."

ఇంతలో అవతల నాన్న దగ్గు వినబడింది. ఇక మామ్మ నోరు తెరవడం కాదు, మాటే మానేసింది. ఫోన్ కట్టయింది. ఆ వానలో డాబా మీద నిలబడి ఏడ్చాను. భయంతో కన్నా ఎక్కువ ఉక్రోషంతో ఏడ్చాను.

మర్నాడే బయల్దేరానని రాస్తే బాగుంటుంది. కానీ బయల్దేరలేదు. ఇంకా తొమ్మిది రోజులు ఉంటే సర్టిఫికెట్ ఇస్తారు. ఉన్నాను. పన్ను వేషం వేసుకుని తొమ్మిది రోజులు గెంతాను.

పలాసలో రైలు దిగి ఇంటికొచ్చాక, సంచి కింద పెట్టకుండానే, "నోరు తెరు మామ్మా" అన్నాను. "అప్పుడు నీకు తీరిక నేదు, ఇప్పుడు నాకు తీరిక నేదు" అని మూతి తిప్పుకుని గిన్నెలు తోముకోవడానికి పోయింది. రెండు రోజులు బతిమాలాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. మూడోరోజు నాన్న పొలం వెళ్ళాక పెరట్లో కూర్చుని నోరు తెరిచింది. ఫోన్ టార్చి వేసి చూశాను. గోడ మీద చూసిన బొమ్మే. ఎడమపక్క వెనకగా, మినపగింజంత మేర ఎర్రగా పచ్చిపుండు. ఫోన్ జారి ఆవిడ ఒళ్ళో పడింది.

విశాఖ తీసుకెళ్ళాలన్నాను. అమ్మ నన్ను పక్కకి లాగి, "మీ నాన్నకి సుట్ట ఊసెత్తకు. పన్ను నొప్పని సెప్పు" అంది. ఒక్క పన్ను కూడా లేని మనిషికి పన్ను నొప్పేమిటి? అయినా అదే చెప్పింది అమ్మ. నాన్న ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "పన్ను నొప్పయితే బేగి సూపించాల" అని రైలు టైము కనుక్కున్నాడు. ఈ ఇంట్లో మనుషుల్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

విశాఖలో నోటి డాక్టరు దగ్గర, లోపలికి పంపే ముందు వివరాలు రాసుకునే ఆయన ఒకడున్నాడు. "పొగ అలవాటుందా?" అన్నాడు. "నేదు బాబూ" అంది మామ్మ. "నేదండి" అంది అమ్మ. నాన్న కిటికీ వైపు చూస్తూ, "నేదండి" అన్నాడు. ముగ్గురూ ఎంత నిజాయితీగా చెప్పారంటే, నాకే ఒక క్షణం నమ్మాలనిపించింది. ఆయన పెన్ను కాయితం మీద పెట్టాడు. లేదు అని రాస్తే కారం మానెయ్యమని బిళ్ళలిచ్చి ఇంటికి పంపేస్తారు.

"రోజుకి ఎన్ని, మామ్మా?" అన్నాను.

అమ్మ నా జబ్బ గిల్లింది. మామ్మ నా వైపు చూడలేదు, కొడుకు వైపు అసలే చూడలేదు. నేల చూపులు చూస్తూ, "ఆరు" అంది.

"ఎనిమిది" అన్నాడు నాన్న, ఇంకా కిటికీలోకే చూస్తూ. "సంతలో కొని గూట్లో పెట్టీది నానే కదా."

మామ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. "నివ్వేట్రా తెచ్చీది? కోడలు తెస్తన్నాదనుకున్నాను."

"నాను మీరే ఎవరిసేతో తెప్పించుకుంటన్నారనుకున్నాను అత్తా" అంది అమ్మ. రాసుకునే ఆయన మా నలుగురినీ చూసి, ఎనిమిది అని రాసుకున్నాడు.

పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. కాన్సర్ కాలేదు, అయ్యే దారిలో ఉందన్నారు. ఆ మేర కోసి తీసేశారు. మళ్ళీ చుట్ట ముట్టిస్తే ఈసారి ఇంత తేలిగ్గా పోదని డాక్టరు మామ్మకి, నాన్నకి విడివిడిగా చెప్పాడు. ఇద్దరూ బుద్ధిగా తలలు ఊపారు.

ఇప్పుడు నేను డెంటల్ మూడో సంవత్సరం. తెల్లకోటు ఉంది. నేపాల్ సర్టిఫికెట్ ఎక్కడుందో తెలియదు. నెలకోసారి ఇంటికి వచ్చి మామ్మ నోరు చూస్తాను. మొన్న వచ్చినప్పుడు కూడా పెరట్లో పీట వేసుకుని కూర్చుని, ముందు అడగాల్సిందే అడిగాను. రోజుకి ఎన్ని?

"ఒక్కటీ నేదే. నీ మీదొట్టు" అంది మామ్మ.

"రెండు" అన్నాడు నాన్న వెనకనుంచి. దగ్గకుండా వచ్చాడు.

నాకు పిచ్చెక్కిపోయింది. నా మీద ఒట్టేస్తావా అని ఆవిడని తిట్టాను. తెచ్చేది నువ్వే, పైగా లెక్క చెప్పేదీ నువ్వేనా అని నాన్నని తిట్టాను. "మీ మామ్మ అడుగుతాదే. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు నాన్న, చేతులు రెండూ చాపి. గొంతు ఎండిపోయేదాకా అరిచాను. ఇద్దరూ అపరాధుల్లా నిలబడి, అంతా విన్నారు.

తర్వాత టార్చి వేశాను. మామ్మ అడక్కుండానే మొహం ఎత్తి నోరు తెరిచింది. కోసిన మచ్చ పక్కనే, పోయిన నెల లేని ఎర్రచుక్క ఒకటి ఉంది.

"ఏటున్నాదే?" అంది నోరు మూసి.

"ఇంకోసారి తెరు" అన్నాను.