రొట్టెల అవ్వ రికార్డింగు

నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు ఎదుట జొన్నరొట్టెలు అమ్మే అవ్వతో పాడ్‌కాస్ట్ కోసం మాట్లాడిన రోజు నా మనసు మనసులో లేదు. ఈ ఊరి పాతవాళ్ల కథలు వాళ్ల నోటితోనే అందరికీ వినిపించాలని నా పట్టుదల. షేర్ ఆటోల హారన్లు పడుతున్నాయేమో, గాలి హోరు మాటను మింగేస్తుందేమో, మైకులో చార్జింగ్ అయిపోతుందేమో అని అరగంటసేపు ఫోన్ తెర మీద ఎగిరిపడే ఆకుపచ్చ గీతనే చూస్తూ కూర్చున్నాను. మధ్యమధ్య తల ఊపాను. ఒకసారి అవ్వ కళ్లు తుడుచుకుంది. కొంగు మైకుకు తగిలిందని అప్పుడు కూడా లోలోపల విసుక్కున్నాను.

లంచ్ టైమ్ అయిపోయి లేవబోతూ చూస్తే ఫైలు సేవ్ కాలేదు. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసి వెతికాను. లేదు.

"అవ్వా, రికార్డు కాలేదు. ఇంకొక్కసారి చెప్తావా?" అన్నాను.

అవ్వ పెనం మీది రొట్టె తిరగేసింది. "గింతదానికే గంత ఫికరెందుకు బిడ్డా? ఫోన్ల ఎక్కకుంటే ఎక్కకపాయె. నువ్వు ఇన్నవు గద, నువ్వే చెప్పు."

నోరు తెరిచాను. మైకులో ఇంకా సగం చార్జింగ్ ఉందన్న సంగతి తప్ప నాకేమీ గుర్తు రాలేదు.